అరవై అయిదు దగ్గర

మా కావలి కాలేజీకి ఫ్రిజ్జు ఒకటే.
పై అరలో ప్రిన్సిపాల్ గారి ఇన్సులిన్,
కింది అరలో గోధుమరంగు సీసా,
అందులో యాభై గ్రాముల ఏఐబీఎన్.
పూర్తి పేరు పలకాలంటే ఒక గుక్క చాలదు.
మస్తాన్ దాన్ని తెల్లగుండ అంటాడు.
ఇరవై ఆరేళ్లుగా అటెండరు.
"ఉప్పు మాదిరే ఉందిగదా సా,
దీనికింత చల్లటి మర్యాదేంది?"

బల్ల మీద సుద్దముక్కతో గీసి చూపించాను.
నడిమధ్య ఇద్దరు నత్రజనులు
రెండు చేతులా ఒకరినొకరు పట్టుకుని
చెరో పక్కా చెరో బరువు మోస్తుంటారు.
కాస్త వేడి తగలనీ,
బరువులు అక్కడే దించేసి
మూడో చెయ్యి కూడా కలుపుకుని
గాలిలోకి వెళ్లిపోతారు.
మిగిలేవి రెండు ముక్కలు,
ఒక్కోదానికీ జత లేని ఎలక్ట్రాన్ ఒకటి.
అది ఊరుకోదు మస్తాన్.
ఎదురైన ద్విబంధాన్ని విప్పి తగులుకుంటుంది,
ఆ ఒంటరితనం దానికి అంటుకుంటుంది,
అది పక్కదాన్ని, అది ఆ పక్కదాన్ని.
"అయితే అంటురోగమే."
అంటురోగమే.
చివరికి అద్దమై నిలబడే రోగం.

గుడ్డతో బీకరు తుడుస్తూ చాలాసేపు ఆలోచించాడు.
"అన్ని ముక్కలూ అట్టనే దారి పట్టుకుంటాయా?"
లేదు.
పది జతల్లో మూడో నాలుగో
చుట్టూ మూగిన గుంపులోంచి బయటపడలేక
మళ్లీ ఒకదానికొకటి తగిలి
అక్కడికక్కడే అయిపోతాయి.
"కసుమూరు గంధం రోజు
బస్సు దిగి పోట్లాడుకున్న మొగుడూ పెళ్లాం మాదిరి"
అన్నాడు.
పాఠ్యపుస్తకంలో అది రెండు పేజీలుంది.

రోహిణి కార్తె. నేను నెల్లూరులో
పేపర్లు దిద్దే డ్యూటీలో ఉన్నాను.
పదకొండింటికి ఫోను.
"ట్రాన్స్‌ఫార్మర్ పేలింది సా,
ల్యాబులో నలభై నాలుగు చూపిస్తా ఉంది.
గుండకేమన్నా అవుద్దా?"
ఒక్కసారిగా ఏమీ కాదులే,
లోపల్లోపల నిదానంగా విడిపోతుంది, అన్నాను.
"నిదానంగా పొయ్యేదే కనపడి చావదు"
అని పెట్టేశాడు.

టీవీఎస్ మీద తుమ్మలపెంట పోయి
రొయ్యల లారీలకి కొట్టే ఐసు
గోనెసంచిలో కట్టించుకొచ్చాడట.
థర్మాకోల్ పెట్టెలో ఒక మూల ఇన్సులిన్, ఒక మూల సీసా,
వరండాలో పక్కన తను.
రాత్రి తొమ్మిదిన్నరకి ఫ్యాను తిరిగిందాకా
కరిగిన నీళ్లు పారబోస్తానే ఉన్నాడట.
మూడు రోజులపాటు
తన సూదికి నీచువాసన వస్తోందని ప్రిన్సిపాల్ గారి ఫిర్యాదు.

జూలైలో ప్రాక్టికల్.
చేవూరు నించి వచ్చే ప్రసూన గుండ తూస్తుంటే
సీసా లేబుల్‌కి ఎండి అతుక్కున్నదేదో
వెంట్రుకంత సన్నది,
ఊడి పరీక్షనాళికలో పడింది.
రొయ్య మీసం.
"పారబోసేద్దామా సార్?"
మస్తాన్ నా వైపు చూశాడు.
ఉండనీమ్మా, అన్నాను.

గాలి తోలేసి, మూతి బిగించి
అరవై అయిదు దగ్గర నీళ్లలో దించాం.
పావుగంట ఏమీ లేదు.
అరగంటకీ ఏమీ లేదు. పిల్లలు ఆవలించారు.
తర్వాత వంచి చూస్తే పానకం,
ఇంకాసేపటికి తుమ్మబంక,
ఆ తర్వాత వంచినా కదల్లేదు.

పొద్దున్నే నాళిక పగలగొడితే
వేలెడంత స్వచ్ఛమైన కడ్డీ,
అందులో మీసం, ఈదుతూ ఆగినట్టు,
దాని పక్కన గసగసాల గింజంత బుడగ.
మస్తాన్ కిటికీకి ఎత్తిపట్టి చూశాడు.
"ఇదేంది సా?"
నత్రజని.
పొయ్యేవాళ్లే. దారి గట్టిపడేలోపు పైకి రాలేకపోయారు.
"చేతులు పట్టుకొనే ఉండారా?"
మూడూ.

చొక్కా అంచుతో తుడిచి
దాన్ని ఫ్రిజ్జు మీద
ఐసు రసీదు ఎగరకుండా బరువు పెట్టాడు.
నూట అరవై రూపాయలు.
ఆఫీసు ఇంకా ఇవ్వలేదు.